గొడుగు పిల్ల ఆవలింత

కొత్త ఆటలో ఆ చోటు ఉందా, లేదా? నాకు కావలసిన జవాబు అదొక్కటే. గొడుగు పిల్ల మూడో భాగం ఎట్లా ఉంది, మొదటి రెండింటి ముందు నిలుస్తుందా అని మా అమ్మాయి అడిగిన ప్రతిసారీ నేను లోపల ఆ ఒక్క సంగతే వెతుక్కునేదాన్ని. బొమ్మలు మెరుస్తున్నాయా, పాట బాగుందా అన్నవి తర్వాతి మాటలు.

నాకు చదువు రాదు. పేరు రాస్తాను, బస్సు నంబరు పోల్చుకుంటాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తన గురించి వచ్చినప్పుడు కలం ఆపుతోంది. ఆపొద్దు, రాయమంటున్నాను.

మా ఆయన టీవీలు బాగుచేసేవాడు. సీతాఫల్‌మండిలో, రైల్వే స్టేషన్ వైపు వెళ్లే గల్లీలో, మేముండే ఇంటి ముందుగదే ఆయన దుకాణం. బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని వాళ్ల టీవీలు గోడవారన పేరుకుపోయాయి. ఒకరోజు వాటిని తుడిచి, బల్ల మీద వరుసగా పెట్టి, ఒక్కోదానికి ఒక్కో గేమ్ డబ్బా తగిలించి, ముందు బెంచీలు వేశాడు. మర్నాటి నుంచి బడి వదిలితే గల్లీ పిల్లలంతా మా ముందుగదిలోనే. వాళ్ల అరుపుల్లో రైలు పోయిన చప్పుడు కూడా వినపడేది కాదు.

ఆటలన్నీ క్యాసెట్లలో వచ్చేవి. పాటల క్యాసెట్ కంటే కాస్త పెద్దవి, బరువు లేనివి. డబ్బాలో పెట్టగానే తెర మీద గీతలొస్తే, పిల్లలు క్యాసెట్ పీకి, నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ఫుమని ఊదేవాళ్లు.

“అరే, ఉమ్ము పడ్తది రా! ఊదుడు బంద్ జెయ్యుండ్రి!” అని ఆయన కసిరేవాడు. ఎవరూ లేనప్పుడు ఆయనా ఊదేవాడు.

అన్నిటికంటే మొండిది సింహం బొమ్మ క్యాసెట్. పైన సింహం ఉండేది గానీ లోపల సింహం లేదు. ఎర్ర గౌను వేసుకుని, గొడుగు పట్టుకున్న ఒక చిన్న పిల్ల ఉండేది. మబ్బు మీది నుంచి మబ్బు మీదికి ఎగురుతూ పోవాలి. గొడుగు విప్పితే దూదిలా దిగుతుంది. మూస్తే దభీమని పడుతుంది. ఆట అసలు పేరేమిటో మా గల్లీలో ఎవరికీ తెలియదు. గొడుగు పిల్ల అంటే అందరికీ తెలుసు.

ఆ క్యాసెట్ ఎంత ఊదినా పలకకపోతే, ఒకరోజు మా ఆయన స్క్రూలు విప్పి ముందర పెట్టుకుని లోపలికి కేకేశాడు.

“ఏమే, నీ బొట్టుబిళ్లల అట్ట ఖాళీదుంటే ఇయ్యి.”

“ఏం జేస్తవయ్యా దాంతోని? నువ్వు పెట్టుకుంటవా?”

“పెట్టుకుంటే నీకంటే మంచిగుంట. ఇయ్యి జెర.”

రెజిమెంటల్ బజార్‌లో కొన్న అట్ట ఒకటి అద్దం వెనకాల ఉంటే తీసి ఇచ్చాను. తర్వాత ఆ క్యాసెట్ పెట్టగానే పలికేది. అట్ట సంగతి ఆయనా మరిచాడు, నేనూ మరిచాను.

మధ్యాహ్నాలు దుకాణం మాది. పిల్లలు బడిలో ఉండేవాళ్లు. మా అమ్మాయి అప్పటికి చిన్నది, లోపల నిద్రపోయేది. ఎండ పడకుండా షట్టర్ సగం దించేవాళ్లం. ఆ సందులోంచి గల్లీలో నడిచేవాళ్ల కాళ్లు మాత్రమే కనపడేవి. ఆయన ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. చూసి చూసి నాకూ వచ్చేసింది. తెర మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉన్నా నాకు దాంతో పని లేదు. వంకర తిరిగిన అక్షరం మొదట ఉంటే షురూ చేయమని. మెరుస్తూ ఉంటే లైఫ్ అయిపోయిందని.

ఆ చోటు దొరికింది టీ వల్ల. మూడో స్టేజి చివర ఒంటరి మబ్బు ఒకటి ఉంటుంది. పిల్ల దాని మీద కాలు పెట్టగానే అది కిందికి దిగడం మొదలుపెడుతుంది. పూర్తిగా దిగేలోపల అవతలికి ఎగరాలి. అది ఆట పద్ధతి. నేను ఇచ్చిన టీ గ్లాసు కాలుతోందని ఆయన చేతిలోని ఆట రిమోట్ బల్ల మీద పెట్టేశాడు. పిల్ల మబ్బు మీద నిలబడిపోయింది. మబ్బు కిందికి పోలేదు. పైకి పోయింది. ముందు గొడుగు, తర్వాత తల, గౌను, చివరికి బూట్లు, అన్నీ తెర పైఅంచు దాటిపోయాయి. తెరంతా నీలం. పాట కూడా ఆగి, రెండే రెండు స్వరాలు, ఒకటి తర్వాత ఒకటి, నిదానంగా మోగుతున్నాయి.

“సచ్చిందా?” అన్నాను.

“లేదు. లైఫ్ పోలే, చూడు. అట్లనే ఉన్నయి.”

“మరి ఏడికి పోయింది?”

“పైకి.”

“పైన ఏముంది?”

“ఏమో. మనకు కనవడ్తలేదు. ఆమెకు కనవడ్తుండొచ్చు.”

మేం టీ తాగాం. ఆమె రాలేదు. ఆయన గుండీ నొక్కాడు. అప్పుడు గొడుగు విప్పుకుని అవతలి పక్కన నెమ్మదిగా దిగింది. నొక్కేదాకా ఆమె అక్కడే ఉంటుందని తర్వాత తెలిసింది. అక్కడ తరిమేవాళ్లు లేరు, పడిపోవడం లేదు, మూలన పరుగెత్తే టైము కూడా ఆగిపోయేది.

సంగతి బయటికి పొక్కింది. పక్క గల్లీల పిల్లలు కూడా వచ్చి “అంకుల్, పైకి తోలవా?” అని అడిగేవాళ్లు. గీ దుకాణంలనే దొరుకుతదని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. వాళ్లకది వింత. మాకు మాత్రం మధ్యాహ్నం కూర్చునే చోటు. ఆమెను పైకి పంపించి, నీలాన్ని ముందర పెట్టుకుని, మాట్లాడితే మాట్లాడుకునేవాళ్లం, లేకపోతే లేదు. సెలవు రోజుల్లో ఆయన మమ్మల్ని స్కూటర్ మీద కాప్రా చెరువుకు తీసుకెళ్లేవాడు. ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులోకి వచ్చి, మధ్యన గీత చెరిగిపోయేది. “చూసినవా, మూడో స్టేజి,” అనేవాడు.

రెండో భాగం వచ్చింది. అందులో పిల్లకు ఒక కుక్కపిల్ల తోడు. ఈత కూడా వచ్చు. రంగులు ఎక్కువ. మొదటిదాని తాత లెక్క ఉందిరా అని పిల్లలు ఎగిరారు. మా ఆయనకూ నచ్చింది. నచ్చింది గానీ ఆయన ఆడింది తక్కువ, వెతికింది ఎక్కువ. ప్రతి మబ్బు మీదా పిల్లను నిలబెట్టి రిమోట్ కింద పెట్టేవాడు. మబ్బు దిగిపోయేది. పిల్ల పడిపోయేది. కుక్కపిల్ల మొరిగేది.

“దీంట్ల లేదేమోనయ్యా,” అనేదాన్ని.

“పెట్టే ఉంటరు. మొదటిదాంట్ల పెట్టినోళ్లు రెండోదాంట్ల పెట్టరా? ఎక్కడనో దాచిండ్రు.”

ఆ వానల్లో ఆయనకు కామెర్లు వచ్చాయి. లోపల మంచంలో పడుకుని, ముందుగదిలో నేను ఆడుతున్న చప్పుడు విని అడిగేవాడు.

“దొరికిందా?”

“లేదు.”

“పోనీ తియ్. మూడోది వస్తది గదా.”

వానలు తగ్గకముందే ఆయన పోయాడు. మా అమ్మాయి అప్పుడు రెండో తరగతి.

దుకాణం నేనే నడిపాను. సింహం క్యాసెట్ మాత్రం మళ్లీ పిల్లలకు ఇవ్వలేదు. మా చిన్నది బడికి పోయాక, మధ్యాహ్నం షట్టర్ సగం దించి, నేనొక్కదాన్నే పిల్లను పైకి పంపించి కూర్చునేదాన్ని. ఏడవడానికి కాదు. ఏడుపు వంటింట్లో వచ్చేది, బజార్లో వచ్చేది. అక్కడ రాలేదు. ఆమె పైన ఉంది, మనకు కనపడడం లేదు, గుండీ నొక్కేదాకా ఉంటుంది. అంతవరకు చాలనిపించేది.

ఒక ఎండాకాలం క్యాసెట్ మొరాయించింది. గీతలే గీతలు. ఊదాను, తుడిచాను, ఎండలో పెట్టాను. రాలేదు. ఈలోగా గల్లీ మొదట్లో నెట్ సెంటర్ పడింది, కొన్నాళ్లకు ఇంకొకటి. పిల్లలు అటు మళ్లారు. టీవీలు ఒక్కొక్కటే అమ్మేసి, ఒక గేమ్ డబ్బానూ ఆ క్యాసెట్‌నూ తువాలులో చుట్టి అటక మీద పెట్టాను. రెజిమెంటల్ బజార్‌లో గుండీలు, లేసులు అమ్మే దుకాణంలో పనికి కుదిరాను. జాకెట్ ముక్క తెస్తే దానికి సరిపోయే గుండీ తీసివ్వడం నా పని. రంగులు నాకు ఒకసారి చూస్తే గుర్తుంటాయి.

మా అమ్మాయి చదువుకుంది. ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. ఏ ఇంటికి పోయినా పిల్లలు ఏ కంపెనీలో పడ్డారన్నదే మాట. దానికీ ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే గల్లీ చివరికి తెల్ల కారు వచ్చి ఎక్కించుకుపోయేది. నీ పని ఏందే అంటే, వేరేవాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకోవడమని చెప్పింది. తప్పులు పట్టడానికి కూడా జీతం ఇస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చింది.

“అమ్మా, గొడుగు పిల్ల మూడోది వచ్చింది.”

నేను బియ్యం చెరుగుతున్నాను. చేతిలో చాట ఆగిపోయింది.

క్యాసెట్ లేదు, ఊదేది లేదు. అద్దంలా మెరిసే బిళ్ల. కొత్త రిమోట్ మీద ఎన్ని గుండీలంటే, గుండీల దుకాణంలో పనిచేసే నాకే కళ్లు తిరిగాయి. తెర వెలిగింది. పిల్ల వచ్చింది. పెరిగింది. ఎర్ర గౌను నడిస్తే కదులుతోంది, జుట్టు గాలికి ఎగురుతోంది. వాన పడుతోంది. అది గీతల వాన కాదు. గొడుగు మీద టపటపమంటోంది, అంచుల నుంచి కారుతోంది, ఆమె బూట్ల కింద మడుగులో తెల్లగా చిట్లుతోంది. నాకు తెలియకుండానే కిటికీ వైపు చూశాను, బట్టలు ఆరేశానేమోనని.

“ఎట్లుంది?” మా అమ్మాయి కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. “పాతదాని లెక్క ఉందా? నాన్నకు నచ్చేదా?”

“ఆగు, చూడనియ్యి.”

రెండు ఆదివారాలు చూశాను. ఎగరడం బాగుంది. గొడుగు విప్పినప్పుడు చేతికి తెలుస్తుంది, గాలి నిజంగా పట్టినట్టు. కానీ లోకమంతా గిర్రున తిరుగుతుంది. పాతదాంట్లో పిల్ల ఎడమ నుంచి కుడికి పోయేది, నేనూ ఆమె వెంట పోయేదాన్ని. ఇందులో ఎటైనా పోవచ్చు, కాబట్టి ఎటు పోవాలో తెలియదు. తెలియదని వాళ్లే ఒక బాణం గుర్తు పెట్టారు. అది నెత్తిమీద వెలుగుతూ అటు పో, ఇటు పో అంటుంది. కాసేపు ఆగితే ఎవరో ఇంగ్లీషులో మాట్లాడతారు, తొందర చేస్తున్నట్టు.

అన్నిటికంటే ఇంకోటి కష్టమనిపించింది. పిల్లను నిలబెట్టి రిమోట్ వదిలితే ఆమె అటూ ఇటూ చూస్తుంది, కాలు నేలకు తాటిస్తుంది, నోరు తెరిచి ఆవలిస్తుంది. నావల్ల ఆమెకు విసుగొచ్చినట్టు. వెంటనే గుండీ నొక్కేసేదాన్ని.

“ఇది మనిషిని నిలబడనియ్యదే,” అన్నాను.

“ప్రాణం ఉన్నట్టు కనవడాలని పెట్టిండ్రమ్మా. పాతది బొమ్మ లెక్క నిలబడ్తుండె.”

“నిలబడితే ఏమైతుండె? నాకు తోడుంటుండె.”

అప్పుడే పైవాటా ఆవిడ గిన్నెలో కూర పట్టుకుని వచ్చింది. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఆవిడ భర్తకు రైల్వేలో డ్యూటీ.

“ఏటమ్మా, సినిమా ఏసేరనుకున్నాను. నువ్వేటి చెల్లీ, ఈ వయసులో అది పట్టుకు కూకున్నావు?”

“కూసో అక్కా. చూడు, వాన ఎట్ల పడ్తుందో.”

“వాన సరే. ఆ పిల్లేటి అలా ఆవలిస్తంది? రాత్రి నిద్రనేదేటి?” అని నవ్వింది. “మా ఆయనా అంతే. డ్యూటీ నుంచొచ్చి ఆవలించేడంటే ఇంక మాటల్నేవు. కూకున్న కుర్చీలోనే పడుకుండిపోతాడు.”

నేను పనిచేసే గుండీల దుకాణానికి శుక్రవారం సెలవు, ఆదివారం సగం పూటే. అమ్మాయి ఆఫీసుకు పోయాక టీవీ ముందు కూర్చునేదాన్ని. మూడో స్టేజికి పోయి, ఒక్కో మబ్బు ఎక్కి చూసేదాన్ని. కొన్ని దిగేవి, కొన్ని ఊగేవి, ఒకటి పువ్వులా విచ్చుకునేది. పైకి మాత్రం ఏదీ పోయేది కాదు. అన్నిటికంటే ఎత్తైన గుట్ట ఎక్కి ఎగిరితే, ఆకాశంలో ఏదో తగిలి గొడుగు ఆగిపోయేది, పైన కనపడని కప్పు ఉన్నట్టు. ఒక్కోసారి ఆడుతూ ఆడుతూ కునుకు పట్టేది. కునుకులో ఆ పిల్ల మా షట్టర్ సందులోంచి నడిచిపోతున్నట్టు, బూట్లు మాత్రమే కనపడుతున్నట్టు ఉండేది. లేచేసరికి తెర మీద బాణం వెలుగుతూనే ఉండేది.

ఇట్లా చాలా శుక్రవారాలు గడిచాయి. ఒకరోజు అమ్మాయి ఆట తెరిచి నావైపు తిరిగింది.

“ఇంకా మూడో స్టేజిలనే ఉన్నవేందమ్మా? ఇంతసేపు ఏం జేస్తున్నవ్ ఈడ?”

చెప్పాను. మబ్బు, నీలం, టీ, ఆయన వెతుకులాట, మూడోది వస్తది గదా అన్న మాట. మర్నాడు సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీదే నిలబడి చెప్పింది.

“నెట్‌ల చూసినమ్మా. మొదటి ఆట గురించి లోకం మొత్తం రాసిండ్రు. ఏ మబ్బు ఏడుంది, ఏ రాయి కింద ఏముంది, అన్ని. ఆ చోటు సంగతి ఎవ్వరు రాయలే. ఎవ్వరికి తెల్వది.”

“దాచింది ఎట్ల తెలుస్తది?”

“అది కాదమ్మా. అసలు ఆటల అది లేదు. మన క్యాసెట్ డూప్లికేట్ది. అది డిఫెక్ట్.”

“అంటే?”

“తప్పు. చేసినోళ్లు అనుకోకుంట అయింది.”

నాకు ఒళ్లు మండింది. “ఆ కంపెనీల తప్పులు ఏరి ఏరి నీకు అంతట తప్పులే కనవడ్తున్నయ్. గల్లీ గల్లంత చూసింది దాన్ని. మీ నాయిన అబద్ధం జెప్పిండా?”

“అబద్ధమని అన్ననా నేను? నాకు సుత చూడాలనే ఉంది. అప్పుడు నేను లోపల పండుకుని ఉంటుండె. సాయంత్రం వస్తే బెంచీ మీద అందరి వీపులే కనవడ్తుండె.” “మీ ఇద్దరు చూసిండ్రు. నేను చూడలే.”

ఇంతకాలం ఆ చోటు నాకొక్కదానికే పోయిందనుకున్నాను.

ఆదివారం స్టూలు వేసి అటక మీది నుంచి తువాలు మూట దించాం. డబ్బా బతికే ఉంది. క్యాసెట్ పెడితే గీతలు. అలవాటుగా ఊదాను. మా అమ్మాయి నవ్వి, వాళ్ల నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చి సింహం బొమ్మను రెండు చెక్కలుగా విప్పింది. లోపల పచ్చటి చిన్న పలక. దాని కింద మడత పెట్టిన అట్టముక్క ఒకటి, ఎండి, అణిగిపోయి, అప్పడం లెక్క ఉంది. దాని మీద గుండ్రటి జిగురు మరకలు.

నేను గుర్తుపట్టాను. రంగు వెలిసినా గుర్తుపట్టాను. ఆయన పోయాక నేను అట్లాంటి అట్ట కొనలేదు.

“గిదేందమ్మా?”

“నా బొట్టుబిళ్లల అట్ట. పలక గట్టిగ కూసోవాలని పెట్టిండు.”

అది అట్టముక్కను తీసి నా అరచేతిలో పెట్టింది. పలక చివరి ఇత్తడి పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది శుభ్రం చేసి, అట్ట లేకుండానే మూసి, డబ్బాలో నొక్కింది. ఆట వచ్చేసింది. ఎర్ర గౌను, చదునైన మబ్బులు, ఎన్నేళ్ల కిందటిదో ఆ పాట. నా వేళ్లు మరిచిపోలేదు. మూడో స్టేజి చివరి మబ్బు మీద నిలబెట్టి రిమోట్ కింద పెట్టాను. మబ్బు నెమ్మదిగా కిందికి దిగి మునిగిపోయింది. పిల్ల పడిపోయింది.

“సచ్చింది,” అన్నాను.

“ఇదేనమ్మా అసలు ఆట. అందరు ఆడింది ఇదే.”

అందరూ ఆడిన ఆటను నేను అప్పుడే మొదటిసారి చూశాను.

మా అమ్మాయి లేచి అద్దం దగ్గరికి పోయింది. తన అట్ట మీద మిగిలిన బిళ్లలు ఊడదీసి అద్దానికి అంటించి, ఖాళీ అట్ట తెచ్చింది. ఒక మడత పెట్టి చూసింది, మబ్బు దిగింది. ఇంకో మడత పెట్టింది, గీతలొచ్చాయి. అంచు కత్తిరించింది, పక్కకు జరిపింది, మళ్లీ పెట్టింది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పాకింది. చివరికి ఒకసారి బొమ్మ వచ్చింది, కొంచెం పాలిపోయి, నేనెరిగిన రంగులో. నేను పిల్లను మబ్బు మీద నిలబెట్టాను. గొడుగు పోయింది. తల పోయింది. గౌను, బూట్లు పోయాయి.

నీలం. రెండు స్వరాలు.

అమ్మాయి తెర దగ్గరికి జరిగి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది.

“ఏం లేదుగదమ్మా ఈడ.”

“ఏం లేదు. కూసో.”

వచ్చి నా పక్కన కూర్చుంది. బయట రైలు పోయింది. డబ్బాలు ఒక్కొక్కటీ పోతున్న చప్పుడు చివరిదాకా విన్నాం.

“అట్టవల్లనే అయిందని నాన్నకు తెల్వదా?”

“తెలిస్తే రెండోదాంట్ల సుత ఒక అట్ట పెట్టకపోవునా?”

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పైవాటా ఆవిడ మెట్ల మీది నుంచి ఏటమ్మా అంత నవ్వులని అడిగేదాకా నవ్వాం.

సాయంత్రం పలకా అట్టా ఎక్కడివక్కడ ఉంచి స్క్రూలు బిగించాం. ఆ రాలిపోయే పాత అట్టను నేను పోపుల పెట్టె అడుగున పెట్టుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం అమ్మాయి మూడో భాగం పెట్టింది. “పాపం అమ్మా ఇది. మొదటిదాంట్లనే లేనిది దీన్ని అడిగినం.” నాకూ అదే అనిపించింది. రెండోదాన్ని కూడా ఆయన అట్లాగే అడిగాడు. ఈసారి నేను వెతకలేదు. బాణం ఎటు చూపిస్తే అటు పోయాను. మూడో స్టేజి దాటాను. వానలో ఒక వంతెన, దాని మీద గొడుగు విప్పి గాలికి అడ్డంగా నడవడం. ఇట్లాంటిది పాతవాటిలో లేదు, ఉందని చెబితే అబద్ధమే. వంతెన అవతల వాన వెలిసింది. చెరువు వచ్చింది.

నా వేళ్లు నొప్పి పుట్టాయి. అమ్మాయి టీ తెచ్చింది. కాలుతోందని రిమోట్ కింద పెట్టాను. పిల్ల ఒడ్డున నిలబడి అటూ ఇటూ చూసింది. కాలు తాటించింది. ఆవలించింది.

అమ్మాయి గుండీ నొక్కబోయింది.

“ఉండనీ,” అన్నాను. “చేతుల గ్లాసుంది నాకు. ఆవలించుకోనీ.”

పిల్ల మళ్లీ ఆవలించింది. కళ్లు నులుముకుంది. గడ్డి మీద కూర్చుంది. గొడుగు విప్పి, ఎండ మొహాన పడకుండా పక్కన వాల్చుకుని, దాని నీడలో పడుకుంది. బాణం ఆరిపోయింది. మాట్లాడే ఇంగ్లీషు గొంతు ఆగిపోయింది. తిరిగే లోకం నిలబడిపోయింది. నీళ్లు, ఆకాశం మెల్లగా ఒకే రంగులోకి వచ్చి, మధ్యన గీత చెరిగిపోయింది. ఆమె ఊపిరి మాత్రం వినపడుతోంది.

ఇన్నాళ్లూ ఆవలించగానే గుండీ నొక్కింది నేనే.

“గిది సుత డిఫెక్టేనా బిడ్డా?” గొంతు తగ్గించి అడిగాను.

అది తల అడ్డంగా ఊపింది. “కాదమ్మా. పెట్టిందే. కావాలని పెట్టిండ్రు.” దాని గొంతూ గుసగుసగానే ఉంది.

టీ చల్లారిపోయింది. గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉన్నాను. బల్ల మీద పెడితే ఆ చప్పుడుకు పిల్ల లేస్తుందేమోనని.